లెక్కకు అందని వారి లెక్క

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో మనము మొట్టమొదట చెవియొగ్గి వినేవి అంకెలే. ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని సిద్ధాంతిగారు రాశి తరువాత రాశి చదువుకొంటూ పోతారు. వ్యయం ఎక్కువైన వారు కొంచెము ముఖము చిట్లించుకొంటారు గాని, ఏ రాశికీ అంకె లేకుండా పోదు. పంచాంగకర్త ఖాళీ గడిని ఎన్నడూ వదలడు. పదేండ్ల కొకమారు మన గుమ్మములోనికి వచ్చే జనాభా లెక్కల వారి పుస్తకము మాత్రము అట్టిది కాదు. అందులో పేరు, వయస్సు, వృత్తి, మాతృభాష అని వరుసగా గళ్ళు ఉంటాయి. ఒక్కొక్క గడి ఒక్కొక్కప్పుడు ఖాళీగా ఉండిపోతుంది. ఇంటివారు ఊళ్ళో లేకపోవచ్చును, ఉన్నా చెప్పకపోవచ్చును, చెప్పినది వచ్చినాయనకు అర్థము కాకపోవచ్చును, అంతా వ్రాసుకొన్నా, పై కచేరీలో ఆ చీటీని లెక్కించకుండానే కట్టకట్టి అటక మీదికి ఎక్కించి ఉండవచ్చును.

ప్రవాసాంధ్రులమైన మనకు ఆ ఒక్క గడితో ఎంత పని ఉన్నదో వేరే చెప్పనక్కరలేదు. ఒక తరగతిలో పదిమంది గాని, పాఠశాల మొత్తము మీద నలుబదిమంది గాని పిల్లలుంటే ప్రాథమిక విద్య వారి మాతృభాషలో చెప్పించవలెనని 1949లో రాష్ట్రాల విద్యామంత్రులు తీర్మానించుకొన్నారు. ఒక ప్రాంతములో అల్పసంఖ్యాక భాషవారు నూటికి పదిహేను మొదలు ఇరువది వరకు ఉంటే ప్రభుత్వ ప్రకటనలు వారి భాషలో కూడ వెలువడవలెనని 1956 నాటి రక్షణల పత్రము చెప్పినది. మదరాసు, ఆంధ్ర రాష్ట్రాల నడుమ సరిహద్దును పటాస్కరుగారు పరిష్కరించినప్పుడు గ్రామమును ప్రమాణముగా పెట్టుకొని, 1951 నాటి భాషా లెక్కలనే ఆధారము చేసుకొన్నారు. ఆ పరిష్కారము 1959లో చట్టమై, 1960 ఏప్రిల్ 1వ తేదీ నుండి తిరుత్తణి మదరాసు రాష్ట్రములో చేరినది. ఇట్లు బడి, బోర్డు, ఎల్లరాయి అన్నీ గళ్ళలోని అంకెల మీదనే నిలిచి ఉన్నప్పుడు, గడి ఖాళీగా ఉంటే ఏమి చేయవలెనన్న ప్రశ్న పండితుల వేడుక కోసము పుట్టినది కాదని మా తాత్పర్యము. ఆ ప్రశ్నకు నూరేండ్లుగా గణాంక శాస్త్రజ్ఞులు వెదకిన సమాధానాల కథను ఈ సంచికలో పాఠకుల ముందుంచుతున్నాము. అందులో ముఖ్యమైన ఘట్టమొకటి మన తెలుగువాని పుస్తకములో ఉన్నదని కొందరికైనా క్రొత్త విషయము కావచ్చును.

ముందుగా మన దేశపు ఖాళీలను కొన్ని చూతము. జనాభా లెక్కలలో భాషను గురించి అడుగుట 1881 నుండి ఉన్నది. అయితే అడిగిన తీరు మాత్రము ఒకటి కాదు. ఒకమారు మాతృభాష అన్నారు, 1891లో తల్లిదండ్రుల భాష అన్నారు, 1901లో సాధారణముగా వాడుకొనే భాష అన్నారు, 1931లో తిరిగి మాతృభాష అన్నారు. ఇంట తెలుగు, వీధిలో కన్నడము లేక అరవము లేక ఒడియా మాట్లాడేవారికి ఈ మాటల తేడా చిన్నది కాదు. ఒకే మనిషి ఒక ప్రశ్నకు తెలుగువాడు, మరొక ప్రశ్నకు కాడు.

1941లో యుద్ధము వచ్చి పడినది. ఇంటింటికీ తిరిగి చీటీలు వ్రాయించినా, వాటినన్నిటినీ పట్టికలుగా తీర్చుటకు ప్రభుత్వము డబ్బు ఇవ్వలేదు. భాషల పట్టికలు ఆ ఏటికి లేవు. ప్రతి యాభై చీటీలలో ఒక్కటి చొప్పున మాత్రము నమూనాగా దాచి ఉంచినారు. తరువాత వయస్సుల పట్టికలకు ఆ నమూనాయే ఆధారమైనది. 1951లో జమ్ము కాశ్మీరములో లెక్క తీయలేదు. పంజాబు ప్రాంతములో భాషల తగవు ముదిరి, హిందీ, పంజాబీ, ఉరుదూ, పహాడీ అన్నిటినీ విడదీయకుండ కలిపి ఒకే గంపలో వేసినారు. అంటే అక్కడ మనుషులు లెక్కకు వచ్చినారు, భాషలు రాలేదు. యానామువారి సంగతి వేరు. 1954 దాక అది ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండుటచేత 1951 నాటి భారత జనాభా లెక్కలలో ఆ ఊరే లేదు. 1981లో అస్సామును, 1991లో తిరిగి జమ్ము కాశ్మీరమును వదలవలసి వచ్చినది.

ఈ సందర్భములో 1961 నాటి సూచన ఒకటి మాకు చాల నచ్చినది. ఆ ఏడు మాతృభాష అనగా బాల్యములో తల్లి ఆ వ్యక్తితో మాట్లాడిన భాష అని నిర్వచించినారు. మరి పసితనములోనే తల్లి పోయిన వాని మాట ఏమి? అట్టివాని ఇంట ప్రధానముగా మాట్లాడిన భాషను వ్రాయుమన్నారు. ఇంకా మాటలు రాని పసిబిడ్డకు, మూగవానికి తల్లి మాతృభాషనే వ్రాయుమన్నారు. చూడగా ఇది దయగల గుమాస్తా ఎవరో చెప్పిన మాటవలె ఉంటుంది. శాస్త్రదృష్టితో చూస్తే, తెలియని గడిని తెలిసిన గడి సాయముతో పూరించుటకు అది సరియైన విధి. ఆనాడు దానికి ఘనమైన పేరు లేదు గాని, ఈ వ్యాసములో రాబోయే గణితమంతయు ఈ సూచనకు పెంపకమే.

అంకెలకు రెండు జాతులున్నవి. ఎత్తు, బరువు, పంట దిగుబడి మొదలైనవి కొలిచేవి. భాష, కులము, వృత్తి, రక్తవర్గము మొదలైనవి కొలువగలిగినవి కావు. గళ్ళలో పంచి ఎన్నుకోవలసినవి. తెలుగుకు తమిళమునకు సగటు కట్టలేము గదా! కొలిచే అంకెలలో ఒకటి పోతే, సగటు సాయముతో ఏదో సర్దుకొనవచ్చును. పొలము ప్రయోగాలలో ఒక మడి పంటను పశువులు మేసినప్పుడు ఆ అంకెను ఎట్లు పూరించవలెనో ఇంగ్లండులో యేట్స్ 1933లోనే చెప్పినాడు. గళ్ళలో పంచిన లెక్కలకు 1900లో కార్ల్ పియర్సన్ కై-వర్గ పరీక్ష అనే గొప్ప సాధనము ఇచ్చినాడు. అయితే ప్రతి మనిషీ ఏదో ఒక గడిలో తప్పక ఉన్నాడని దాని నమ్మకము. ఏ గడిలోనివాడో తెలియనివాడు వస్తే ఆ సాధనము నోరు మెదపదు. అందుచేత కచేరీలలో చాలకాలము జరిగినది ఒక్కటే: తెలియనివారిని కొట్టివేయుట, లేదా ‘ఇతరులు’ అని అడుగున ఒక వరుస గీసి అందులో పడవేయుట.

ఆ పద్ధతిని దాటి ఆలోచించినవారిలో తొలివాడు మన దేశములో పనిచేసిన వైద్యుడు కావడము విశేషము. ఆండర్సన్ గ్రే మెకెండ్రిక్ భారత వైద్య శాఖలో ఉద్యోగి. కసౌలీలోని పాస్టర్ సంస్థలో పనిచేసినాడు. లెక్కల మీద మక్కువ గలవాడు. 1926లో ఎడింబరో గణిత సంఘపు పత్రికలో ఆయన ఒక భారతీయ గ్రామపు కలరా లెక్కను ప్రకటించినాడు. ఊరి పేరు చెప్పలేదు. ఆ ఊళ్ళో 223 ఇళ్ళు. 168 ఇళ్ళలో ఎవరికీ జబ్బు రాలేదు. 32 ఇళ్ళలో ఒక్కొక్కరికి, 16 ఇళ్ళలో ఇద్దరిద్దరికి, 6 ఇళ్ళలో ముగ్గురు ముగ్గురికి, ఒక ఇంట నలుగురికి కలరా తగిలినది. చదివేవారికి ఇందులో ఖాళీ గడి కనబడదు. అన్ని ఇళ్ళూ లెక్కలో ఉన్నవి. మెకెండ్రిక్‌కు మాత్రము కనబడినది. 168 ఇళ్ళనూ ఒకే గడిలో వేయుట తప్పని ఆయనకు తోచినది. వాటిలో కొన్నిటికి కలరా గాలి సోకనే లేదు. మరికొన్ని కలరా సోకిన నీటినే త్రాగి, అదృష్టవశాత్తు బయటపడినవి. ఈ రెండు రకాల ఇళ్ళూ బయటినుండి చూడగా ఒకటే. గుమ్మములో నిలబడి ‘మీ ఇంట ఎవరికైనా వచ్చినదా?’ అంటే రెండిళ్ళ వారూ ‘లేదు’ అనే చెప్పుతారు.

వాటిని విడదీయుట కాయన పట్టిన దారి మన పాఠకులు కాగితము మీద చేసి చూడగలిగినంత సులభమైనది. జబ్బుపడినవారు మొత్తము 86 మంది. ఒక్కొక్క ఇంటి రోగుల సంఖ్యను దానితోనే హెచ్చించి కూడితే 166 వస్తుంది. 86ను 86తో హెచ్చించి, 166 లోనుండి 86 తీసివేయగా మిగిలిన 80తో భాగిస్తే 92 పైన కొంచెము, అనగా 93 ఇళ్ళు. ప్రమాదానికి లోనైన ఇళ్ళలో రోగము యాదృచ్ఛికముగా పంచుకొనబడినదని ఒప్పుకొంటే, ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు చొప్పున పడిన ఇళ్ళ లెక్క చూచి, ‘ఎవరూ పడని ఇళ్ళు ఎన్ని ఉండవలెను’ అన్నది ఇట్లు తేలుతుంది. రోగము కనబడినవి 55 ఇళ్ళు గనుక, నీరు త్రాగి తప్పించుకొన్నవి 38. తక్కిన 130 ఇళ్ళ జోలికి కలరా పోలేదు. దీనిని పట్టుకొని ఆయన ఇంకొక అడుగు వేసినాడు: ఊళ్ళో బావులు పెక్కు ఉండవలెను, వాటిలో ఒక్కటే చెడినది, 93 ఇళ్ళవారు ఆ బావి నీరు త్రాగేవారు. ఊరికి పోకుండ, బావిలోనికి తొంగిచూడకుండ, అయిదు అంకెలనుండి ఒక బావిని పట్టుకొన్నాడు! ఆ వ్యాసాన్ని ఆనాడు పట్టించుకొన్నవారు తక్కువ. అంటురోగాల వ్యాప్తిని గురించి మరుసటి ఏడు, 1927లో, కెర్మాక్‌తో కలిసి వ్రాసినదానికే ఆయన పేరు నిలిచినది.

ఇక మన కథలోని ముఖ్య ఘట్టానికి వచ్చినాము. కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు 1920 సెప్టెంబరు 10వ తేదీన హూవిన హడగలిలో జన్మించినారు. అది అప్పుడు మదరాసు రాజధానిలోని బళ్ళారి జిల్లా. 1953 అక్టోబరు 1న మైసూరు రాష్ట్రములో కలిసినది. 2021 నుండి విజయనగర జిల్లాలో ఉన్నది. కర్ణాటకలోని మన సోదరులు ఆ ఊరిపేరు చెప్పుకొని సంతోషించుటలో తప్పు లేదు. తండ్రి పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టరు. బదిలీలతో కుటుంబము ఊరూరు తిరిగినది. కనుక గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నములలో ఆయన చదువు సాగినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము ముగించి, సైన్యములో గణితజ్ఞుని ఉద్యోగమునకై కలకత్తా పోయినారు. వయస్సు చాలదని వారు త్రిప్పి పంపినారు. అక్కడ దక్షిణాదివారి భోజనశాలలో పరిచయమైన ఒకాయన మహలనోబిసుగారి భారత గణాంక సంస్థలో శిక్షణ పొందుతున్నానని చెప్పగా, చూచి వద్దామని పోయి, 1941 జనవరి 1వ తేదీన అక్కడే చేరినారు. భోజనశాలలు ప్రవాసాంధ్రులకు చేసిన ఉపకారాలు ఎవరైనా వ్రాస్తే ఇది మొదటి పుటలో వేయవలసినది.

1945లో, ఇరువది అయిదవ ఏట, కలకత్తా గణిత సంఘపు పత్రికలో ఆయన ప్రకటించిన వ్యాసము లోకప్రసిద్ధము. 1946లో కేంబ్రిడ్జి వెళ్ళి, అక్కడి పురావస్తు ప్రదర్శనశాలలో సూడానులోని జెబెల్ మోయా త్రవ్వకాల ఎముకలను కొలుస్తూ, రెండవవైపు ఫిషర్ ప్రయోగశాలలో ఎలుకల వంశక్రమాన్ని పరిశీలిస్తూ 1948లో డాక్టరేటు పొందినారు. జన్యువుల కూడికను లెక్కించే సమస్యతో ఆయనకు దగ్గరి పరిచయము అక్కడ కలిగినది. ఆ సమస్య ఫిషర్, బాలముకుంద్ అనే ఇద్దరు 1928లో కలిసి వ్రాసిన వ్యాసములో విపులముగా చర్చించబడినది. సంగతి ఇది. రెండు లక్షణాలు ఒకే పోగు మీద దగ్గరదగ్గరగా ఉంటే, అవి సంతానానికి జంటగా పోతాయి. దూరముగా ఉంటే విడిపోతాయి. ఎంత దగ్గర అన్నది సంతానమును నాలుగు గళ్ళలో పంచి చూచి చెప్పవలెను. రెండు లక్షణాలూ ప్రబలముగా కనబడినవి ఒక గడి, ఒకటి మాత్రమే కనబడినవి రెండు గళ్ళు, రెండూ కనబడనివి నాలుగవ గడి.

1965లో అచ్చయిన రావుగారి గణాంక గ్రంథములో ఇట్టి ఉదాహరణ ఒకటి ఉన్నది. మొత్తము 197 జంతువులు. నాలుగు గళ్ళలో 125, 18, 20, 34. తెలియని రాశి ఒక్కటే; దానిని మనము ‘దగ్గరితనము’ అందాము. నాలుగవ గడిలో పడే అవకాశము ఆ దగ్గరితనములో నాల్గవ వంతు. రెండు, మూడు గళ్ళలో పడే అవకాశము ఒకటిలోనుండి దగ్గరితనము తీసివేసి, మిగిలినదానిలో నాల్గవ వంతు చొప్పున. మొదటి గడిలో పడే అవకాశము సగము, దానిపై దగ్గరితనములో నాల్గవ వంతు. ఈ మొదటి గడిలోనే చిక్కంతా ఉన్నది. మెకెండ్రిక్ చూచిన 168 ఇళ్ళ వలెనే, ఈ 125 జంతువులూ రెండు జాతులు. తల్లినుండి తండ్రినుండి కూడ రెండు ప్రబల లక్షణాలనూ విడిపోకుండ జంటగా పొందిన అసలు జాతివి కొన్ని. పైకి అట్లే కనబడుతూ లోపల వేరు కలయిక గలవి తక్కినవి. చర్మము చూస్తే తేడా తెలియదు. నాలుగు గళ్ళని మనము అనుకొన్నవి వాస్తవానికి అయిదు గళ్ళు; ఒక గోడ కనబడకుండ పోయినది.

ఆ గోడను తిరిగి కట్టే ఉపాయము ఇట్లున్నది. దగ్గరితనము సగమని, అనగా 0.5 అని, ఊరికే అనుకొందాము. అట్లయితే 125 లో అసలు జాతివి 25 ఉండవలెనని అవకాశముల నిష్పత్తి చెప్పుతుంది. 25 ను నాలుగవ గడిలోని 34తో కలిపితే 59. దానిని 59, 18, 20ల మొత్తమైన 97తో భాగిస్తే 0.608. మనము అనుకొన్న 0.5 తప్పని తేలినది. పోనీ, 0.608 అనే అనుకొని తిరిగి మొదటినుండి చేద్దాము. ఈమారు అసలు జాతివి 29 పైచిలుకు, దగ్గరితనము 0.624. మరల చేస్తే 0.6265. మరల చేయగా 0.6268. ఇక ఎన్నిమార్లు చేసినా ఆ అంకె కదలదు. 125లో దాదాపు 30 అసలు జాతివని తేలినది. ఊహించుట, ఊహతో గడి నింపుట, నిండిన గడినుండి ఊహను దిద్దుకొనుట: అంతకంటె ఇందులో ఏమియు లేదు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఉప్పు వేసి, రుచి చూచి, మరి కొంచెము వేసి, మరల రుచి చూచినట్లే.

ఇంత చిన్న లెక్కకు ఇంత తిప్పుడెందుకు, వర్గసమీకరణము సాధిస్తే చాలదా అని గణితము తెలిసిన పాఠకులు అనవచ్చును. నిజమే, ఈ లెక్కకు చాలును. గళ్ళు నాలుగు కాక నాలుగు వందలైనప్పుడు, దాగిన గోడలు ఒకటి కాక నూరైనప్పుడు సమీకరణము చేతికి చిక్కదు. ఈ తిప్పుడు మాత్రము నడుస్తూనే ఉంటుంది.

ఇదే ఉపాయము వేర్వేరు చోట్ల వేర్వేరు వారికి తోచినది. రక్తములో ‘ఏ’ వర్గమువారిలో రెండు జాతుల జన్యుజంటలు దాగి ఉంటాయి. వాటిని లెక్కించుటకు చెప్పెల్లిని, సినిస్కాల్కో, స్మిత్ అనే ముగ్గురు 1955లో దీనినే వాడినారు. గళ్ళలో పంచిన అసంపూర్ణపు లెక్కలన్నిటికీ ఇది పనికివస్తుందని 1958లో హార్ట్లీ చూపినాడు. అయినా ఎవరి పొలము వారిదే అన్నట్లు ఉండేది. 1976 డిసెంబరులో లండనులోని రాయల్ గణాంక సంఘములో డెంప్‌స్టర్, నాన్ లెయిర్డ్, డొనాల్డ్ రూబిన్ అనే ముగ్గురు ఒక వ్యాసము చదివినారు. మరుసటి ఏడు అచ్చయినది. చెల్లాచెదరుగా ఉన్న ఈ ఉపాయాలన్నీ ఒక్కటేనని, ప్రతి తిప్పుతోను అంచనా మెరుగగునే గాని చెడదని వారు చూపి, దానికి ‘ఈ.ఎం. పద్ధతి’ అని పేరు పెట్టినారు. మొదటి అక్షరము అంచనాకు, రెండవది గరిష్ఠమునకు గుర్తు. ఆ వ్యాసములో మొట్టమొదట విప్పి చెప్పిన ఉదాహరణ ఏదనుకొన్నారు? రావుగారి గ్రంథములోని 197 జంతువులే. గణాంక శాస్త్రములో మిక్కిలి ఎక్కువగా పేర్కొనబడే వ్యాసాలలో అదొకటి. దాని గుమ్మములో 125, 18, 20, 34 అనే అంకెలు నేటికీ నిలిచి ఉన్నవి. రావుగారు 2023లో అంతర్జాతీయ గణాంక పురస్కారమును పొంది, అదే సంవత్సరము ఆగస్టు 22న నూట రెండేండ్ల వయస్సులో అమెరికాలోని బఫెలోలో కాలధర్మము చెందినారు.

గడిని ఎట్లు నింపవలెనో తెలిసినది. ఎప్పుడు నింపవచ్చును, ఎప్పుడు నింపరాదు అన్నది అంతకంటె కష్టమైన ప్రశ్న. దానిని 1976లో ఆ రూబినే తేల్చినాడు. ఖాళీలు మూడు రకాలని ఆయన విభజన. చీటీ వానలో తడిసి చెరిగిపోతే, తెలుగువాని చీటీ, కన్నడిగుని చీటీ అన్న భేదము వానకు లేదు. మిగిలినవాటిని చూచి లెక్కకట్టవచ్చును. రెండవ రకములో ఖాళీకి కారణము మనకు తెలిసిన వేరొక సంగతితో ముడిపడి ఉంటుంది. మూడవ రకములో ఖాళీకి కారణము ఆ గడిలో ఉండవలసిన జవాబే.

రెండవ రకమును ఒక కల్పిత పట్టణముతో చూపుతాము. వేయిమంది జనము. పాత పేటలో 200 మంది. వారు పొద్దున్నే పనులకు పోయేవారు గనుక నూరుగురే దొరికినారు, వారిలో 45 మంది తెలుగువారు. క్రొత్త కాలనీలో 800 మంది. 700 మంది దొరికినారు, వారిలో 63 మంది తెలుగువారు. దొరకనివారిని కొట్టివేస్తే 800 మందిలో 108 మంది, నూటికి పదమూడున్నర. ప్రకటనలు తెలుగులో వేయుటకు కావలసిన పదిహేను లేదు. కాని పేటలో దొరికినవారి వలెనే దొరకనివారూ ఉంటారని, కాలనీలోనూ అంతేనని వేర్వేరుగా లెక్కించండి. పేటలో 90, కాలనీలో 72, మొత్తము 162. నూటికి పదహారు పైన. గీత దాటినాము! ఎవరినీ క్రొత్తగా సృష్టించలేదు. దొరకనివారు ఏ పేటవారో ఆ పేటకు చేర్చినాము, అంతే. చెన్, ఫీన్‌బర్గ్ 1974లోను, ఫుక్స్ 1982లోను సగము తెలిసిన గళ్ళ పట్టికలకు చెప్పిన సూత్రాల సారము ఇదే. అయితే ఏ ఊహయూ వద్దని పట్టుబట్టేవారికి మాత్రము నికరముగా చెప్పగలిగినది ఒక్కటే: దొరకని 200 మందిలో ఒక్కడూ తెలుగువాడు కాకపోతే నూటికి పదకొండు లోపు, అందరూ తెలుగువారే అయితే ముప్పదికి పైన. పదకొండుకు ముప్పదికి నడుమ ఏ కలెక్టరు ఏమి ఉత్తరువు వేయగలడు?

మూడవ రకము చిక్కును స్లొవేనియావారి కథ చక్కగా తెలుపుతుంది. యుగోస్లావియానుండి విడిపోవలెనా అని 1990 డిసెంబరు 23న అక్కడ ప్రజాభిప్రాయము తీసుకొన్నారు. ఓటు వేయుటకు రాకపోతే అది ‘వద్దు’ కిందనే జమ. దానికి సుమారు నాలుగు వారాల ముందు 2,074 మందిని మూడు ప్రశ్నలు అడిగినారు: స్వాతంత్ర్యము కావలెనా, విడిపోవలెనా, ఓటుకు వస్తారా. కొందరు ‘తెలియదు’ అన్నారు. ఈ ‘తెలియదు’ అన్నవాడు నిజముగా తెలియనివాడా, చెప్పుటకు జంకినవాడా, లేక ఇంటనే కూర్చోదలచినవాడా? వారిని కొట్టివేస్తే అనుకూలురు నూటికి 92.8. ఏ ఊహా లేకుండ హద్దులు గీస్తే 69.4 మొదలు 90.5 వరకు. అంటే కొట్టివేసి తెచ్చిన అంకె హద్దులకే బయట పడినది, ఎందుకనగా ‘తెలియదు’ అన్నవారిని ఎటు చేర్చినా అంత రాదు! ఒక మనిషి ఇచ్చిన తక్కిన జవాబులను బట్టి అతని ‘తెలియదు’ను నింపితే 88.3. జవాబే మౌనమునకు కారణమని ఊహించి కట్టిన ఒక సూత్రము 78.2 అన్నది. ఓట్లు లెక్కించగా వచ్చినది 88.5. రూబిన్, స్టెర్న్, వెహోవర్ ఈ సంగతిని 1995లో ప్రకటించినారు. అక్కడ రెండవ రకపు ఊహ గెలిచినది. ప్రతిచోటా అట్లే గెలుస్తుందని ఎవరూ పూచీపడలేరు. ఓట్ల పెట్టె వంటి సాక్షి ప్రతి లెక్కకూ దొరకదు.

మన గడికి అట్టి సాక్షి లేదు. 2011 లెక్కలలో దేశములో తెలుగు చెప్పుకొన్నవారు 8 కోట్ల 11 లక్షలు. తమిళనాడులో 42 లక్షల పైన, కర్ణాటకలో 35 లక్షల పైన. ఆ ఏడు జనము నోట వచ్చిన మాతృభాషల పేర్లు 19,569. వడపోయగా 1,369 నిలిచినవి. మరి 1,474 పేర్లు ఏ భాషకు చెందినవో తేల్చకుండ ‘ఇతరముల’ గంపలో వేసినారు. తమిళనాడులో 1961లో నూటికి సుమారు పదిమంది తెలుగు అని చెప్పుకోగా, 2011లో ఆరుగురికి లోపుగా చెప్పుకొన్నారు. ఇందులో ఎందరు ఊరు విడిచిపోయినారు, ఎందరి ఇండ్లలో భాష మారినది, ఎందరు ఇంట తెలుగే మాట్లాడుకొంటూ గుమ్మములో మరొకటి చెప్పినారు అన్నది మొత్తముల పట్టిక విడదీసి చూపదు. తాత చీటీని, మనుమని చీటీని పక్కపక్కన పెడితే గాని అది తేలదు. 1948 నాటి జనాభా లెక్కల చట్టము ప్రకారము ఏ ఇంటి చీటీనైనా ఇతరులు చూచుటకు వీలులేదు గనుక అట్లు జతపరచుట కుదరదు. మన సంఘాల సభ్యత్వ పుస్తకాలు ఉన్నవి గదా, తరతరాల పేర్లు వాటిలో దొరుకుతాయి గదా అని మిత్రులు కొందరు మాతో అన్నారు. దొరుకుతాయి. అయితే ఉగాదికి చందా కట్టి పేరు వ్రాయించుకొన్నవారు తెలుగు మరువనివారే. మరచినవారు ఆ పుస్తకములో ఉండరు. అది మూడవ రకపు ఖాళీ.